టీమ్‌స్టర్స్ ఎండార్స్‌మెంట్: అడిగినందుకు 5, తేల్చినందుకు 2

న్యూజెర్సీలో పార్సిల్ ట్రక్కు నడుపుతాను. గంట జీతానికి రెండున్నర రెట్లు నెలనెలా చందా కడుతున్నా కాబట్టి టీమ్‌స్టర్స్ అనే మా కార్మిక యూనియన్ సర్వీసుకి రివ్యూ రాసే హక్కు నాకుంది. జీతాల ఒప్పందం జోలికి పోను. 2024లో అమెరికా అధ్యక్ష పదవికి ఎవర్ని బలపరచాలో ఎలా తేల్చారన్నదే నా విషయం.

మా నాన్న ఆర్టీసీ డ్రైవర్. మన దగ్గర ఐఎన్‌టీయూసీ అంటే కాంగ్రెస్, ఏఐటీయూసీ అంటే సీపీఐ, సీఐటీయూ అంటే సీపీఎం. ఎవరికి ఓటెయ్యమంటారో జెండా చూస్తేనే తెలిసిపోతుంది. "మిమ్మల్నెవరైనా అడిగారా నాన్నా?" అంటే నవ్వేవారు.

ఇక్కడ క్యూఆర్ కోడ్ పంపి మరీ అడిగారు. అంతకుముందు లోకల్ మీటింగుల్లో ఓట్లు పెడితే బైడెన్‌కి 44.3 శాతం, ట్రంప్‌కి 36.3. బైడెన్ తప్పుకున్నాక ఆన్‌లైన్‌లో ట్రంప్‌కి 59.6, హారిస్‌కి 34. చివరికి బయటి సంస్థతో ఫోన్లు చేయిస్తే 58, 31. మీటింగుకి వచ్చేవాళ్లు వేరు, ఇంట్లో కూర్చుని ఫోన్ నొక్కేవాళ్లు వేరు, అభ్యర్థి కూడా మారారు. అయినా మూడు లెక్కలూ దాచకుండా బయటపెట్టారు చూడండి, అది నచ్చింది. అభ్యర్థుల్ని పిలిచి మామూలు సభ్యుల చేత ప్రశ్నలు అడిగించడం ఇంకా నచ్చింది.

ఇంత చేసి, సెప్టెంబరు 18న బోర్డు ఓటింగులో ఎవరూ వద్దన్నవాళ్లు 14, హారిస్ అన్నవాళ్లు 3, ట్రంప్ అన్నవాళ్లు సున్నా! 1996 తర్వాత ఎవర్నీ బలపరచకపోవడం ఇదే మొదటిసారి. సమ్మెల్లో తలదూర్చబోమని ఇద్దరిలో ఎవరూ గట్టి మాట ఇవ్వలేదన్నారు. కారణం సబబే. కానీ, చందా కట్టకుండానే యూనియన్ లాభం పొందనిచ్చే 'రైట్ టు వర్క్' చట్టం దేశమంతటికీ తెస్తే వీటో చేస్తానని ట్రంప్ మాట ఇవ్వలేదనీ, యూనియన్లకి రక్షణ పెంచే 'ప్రో యాక్ట్' మీద సంతకం పెడతానని హారిస్ అన్నారనీ బోర్డు ప్రకటనలోనే ఉంది. మరి తేడా లేదని ఎలా అంటారు? సభ్యుల మాటే ఫైనల్ అయితే ట్రంప్ పేరు చెప్పాలి, యూనియన్ అవసరమే ఫైనల్ అయితే హారిస్ పేరు చెప్పాలి. రెండూ చెయ్యలేదు.

మిషిగన్, విస్కాన్సిన్, నెవాడా రాష్ట్రాల్లోని మా యూనియన్ కౌన్సిళ్లు ఆగకుండా హారిస్ పేరు సొంతంగా ప్రకటించేశాయి. పోలింగుకి ఏడు వారాల ముందు 13 లక్షల మంది యూనియన్ పరిస్థితి అదీ.

చందా డబ్బు ఫెడరల్ అభ్యర్థులకి ఇవ్వకూడదు కాబట్టి దానికి 'డ్రైవ్' అనే విడి ఫండ్ ఉంది, కట్టడం మన ఇష్టం. నేనింకా కడుతున్నా. మొత్తానికి 5కి 3.