తొట్లకొండా, భీమిలా?

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు మీద ఒక్క పూటే టైముంటే ఎక్కడ ఆగాలి? నా ఓటు తొట్లకొండకే.

ఆ కొండ మీద సుమారు 2 వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఉంది. నేవీ ఏరియల్ సర్వేలో దాని జాడ తెలిసింది. 1988 నుంచి 1992 దాకా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపాల పునాదులు, భిక్షువుల గదుల గోడలు వరసగా కనిపిస్తాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే కొండకు ఆ పేరు. వానల తర్వాత వెళ్లి ఓ తొట్టిలోకి వంగి చూడండి. పచ్చటి నీళ్లలో ఆకాశం, తలెత్తితే ఎదురుగా సముద్రం! వానకారులో మూడు నెలలూ భిక్షువులు ఇలాంటి చోట ఎందుకు ఉండిపోయేవారో చూస్తేనే అర్థమవుతుంది. నీడ మాత్రం తక్కువ, పొద్దున్నే వెళ్లాలి.

భీమిలి వేరే రకం. 17వ శతాబ్దంలో డచ్చివారు వర్తకానికి దిగిన రేవు ఇది. వాళ్ల సమాధుల మీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి, చూస్తే బాధేస్తుంది. లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు దగ్గర్లోనే ఉన్నాయి.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వెంట ఉంటే మాత్రం సాయంత్రం పూట నేరుగా భీమిలికే తీసుకెళ్లండి.