పాత రికార్డులో ఊరి పేరు తప్పుగా ఉంటే: చెవి, కంప్యూటర్, జాబితా, మ్యాపు... ఏది మేలు?

డర్బన్ నుంచి నన్ను అన్నయ్యా అని పిలిచే ఒక అమ్మాయి పోయిన ఏడాది వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. వాళ్ళ అమ్మమ్మకు తాత దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలికి వెళ్ళిన ఓడ పట్టీలో, అంటే ఆ ఓడ ఎక్కినవాళ్ళ జాబితాలో, ఒక్క వరుస అది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, జిల్లా, తాలూకా, ఊరు. అన్నీ ఉన్నాయి. తాలూకా గడిలో సిరా అలుక్కుపోయింది. ఊరి గడిలో మాత్రం అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి: సి, ఓ, టి, ఎ, వి, యు, ఎల్, ఎస్, ఎ. కోటావుల్సా. "ఇలాంటి ఊరే లేదంటున్నారు అన్నయ్యా" అని కింద రాసింది.

ఊరు ఉంది. పేరు రాసిన తీరు వేరు, అంతే.

మన వంశాల సంగతి వెతికేవాళ్ళకు ఒక చిక్కుంది. అమెరికాలోనో ఇంగ్లండులోనో పాత జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు, మనుషుల పేర్లతో సహా దొరుకుతాయి. మన దేశంలో 1881 నుంచి పదేళ్ళకోసారి లెక్కలు తీసినా, ఇంటింటికీ తిరిగి రాసిన ఆ కాగితాలను దాచలేదు. మొత్తాలు మిగిలాయి, మనుషుల పేర్లు పోయాయి. అందుకే కూలికి కడలి దాటినవాళ్ళ విషయంలో ఓడ పట్టీయే మనకు జనాభా లెక్క. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరిన నాటి నుంచి 1911 దాకా నేటాల్‌కు 1,52,184 మంది వెళ్ళారు. వాళ్ళలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు చాలామంది. ఆ మనవలు ముని మనవలకు సొంత ఊరు ఆనవాలు దొరికేది ఆ ఒక్క గడిలోనే.

ఆ గడిలో తప్పుంటే ఏం చేయాలి? నాలుగు దారులున్నాయి. నాలుగూ వాడి చూశాను.

చాలామంది ముందు పట్టేది కంప్యూటర్ దారి. వంశాల సైట్లలో "దగ్గరి పేర్లు" అని ఒక వెతుకులాట ఉంటుంది. దాని వెనక సౌండెక్స్ అనే పాత పద్ధతి గానీ, దాని తమ్ముళ్ళు గానీ ఉంటాయి. 1918లో అమెరికాలో పేటెంటు పొందింది. అక్కడి జనాభా లెక్కల్లో ఇంటిపేర్లకు సూచిక తయారు చేయడానికి బాగా వాడారు. మొదటి అక్షరం అలాగే ఉంచి, అచ్చులు తీసేసి, మిగతా హల్లులకు అంకెలు వేస్తుంది. మన ఊళ్ళకు ఎలా పనిచేస్తుందో కూర్చుని లెక్కేశాను. విశాఖపట్నానికీ, తెల్లవాళ్ళు రాసిన వైజాగపటానికీ ఒకటే కోడ్ వస్తుంది, వి221. రాజమహేంద్రవరానికీ, రాజమండ్రికీ ఆర్255. ఇంతవరకు బాగానే ఉంది. కాకినాడ దగ్గరికొచ్చేసరికి తేడా కొట్టింది. మనం ఇప్పుడు రాసేదానికి కె253, ఆ రోజుల్లో రాసిన కొకనాడాకు సి253. అంకెలన్నీ ఒకటే, మొదటి అక్షరం ఒక్కటీ వేరు. అంతటితో దొరకదు. కోటావుల్సాదీ అదే కథ. శ్రీకాకుళం సంగతి మరీ ఘోరం. శ్రీకాకుళం ఎస్622, దానికే తెల్లవాళ్ళు రాసిన చికాకోల్ సి224. మాట తిరిగిన తీరు అంకెలకు అందేది కాదు. క, గ, చ శబ్దాలతో మొదలయ్యే ఊరైతే మొదటి అక్షరం సి, కె, జి మూడూ మార్చి మూడుసార్లు వెతకాలి. ఆ మాత్రం ఓపిక ఉంటే ఇది పనికొచ్చే పనిముట్టే. దీని ఒక్కదాని మీద మాత్రం ఆధారపడకండి.

నా ఓటు చెవికి. రాసిన అక్షరాలను చూడటం మానేసి, గట్టిగా పలకాలి. ఆ పేరు ఒక మనిషి నోటి నుంచి వచ్చింది. రాసుకున్న గుమాస్తాకు త, ట తేడా అక్కర్లేదు. ల, ళ తేడా వినపడదు. వాడికి తమిళం అలవాటైన చెవి ఉంటే క, గ ఒకటైపోతాయి, ప, బ కలిసిపోతాయి. "యు" అని రాస్తే అది చాలాసార్లు మన "అ". వుల్సా అంటే వలస. ఇక కోటా అంటే కోట కావచ్చు, కొత్త కావచ్చు. కొత్తవలస అని పైకి అనగానే, ఫోన్లో అవతల వాళ్ళ అమ్మమ్మ ఏదో అంది. తెలుగు సరిగ్గా రాదు ఆవిడకు, పాటల్లో నాలుగు ముక్కలు తప్ప. కానీ "కొత్తొలస, కొత్తొలస" అని రెండుసార్లు అంది. చిన్నప్పుడు విన్న మాటట. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఈ రోజుకూ అలాగే అంటారు. నూట పాతికేళ్ళు దాటినా, భాష పోయినా, పేరు పలికే తీరు పోలేదు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఊరి పేరు చివరి ముక్కకు చెవి ఒగ్గడం ఇంకా మేలు. వలస అని ఉంటే బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం వైపు చూడాలి. లంక అని ఉంటే గోదావరి, కృష్ణా పాయల మధ్య చూడాలి. మర్రు, పర్రు అంటే డెల్టా. పల్లి కాకుండా పల్లె అని గట్టిగా వినిపిస్తే చిత్తూరు, కడప వైపు ఒక చూపు వేయాలి. ఇవి శాసనాలేం కావు, కానీ వెతికే చోటు సగానికి సగం తగ్గుతుంది.

చెవి చేయలేని పని ఒకటుంది. తప్పు రాసినప్పుడు కాక, తర్వాత చదివి టైపు చేసినప్పుడు జరిగితే పలికి లాభం లేదు. చేతిరాతలో ఎన్, యు ఒకటిలా ఉంటాయి, ఎ, ఓ కలిసిపోతాయి, టి మీద గీత చెరిగితే ఎల్ అవుతుంది. అందుకే టైపు చేసిన పట్టీ ఒక్కటే చూసి వదలకండి. అసలు పేజీ ఫొటో తప్పకుండా అడిగి తెప్పించుకోండి.

ఇక జాబితా, మ్యాపు. 1951 నుంచి ప్రతి జిల్లాకూ జనాభా లెక్కల హ్యాండ్‌బుక్ వచ్చింది, తాలూకాల వారీగా ఊళ్ళ పేర్లతో. జనం లేని ఊళ్ళు, అంటే బేచిరాకు గ్రామాలు కూడా వాటిలో ఉంటాయి. చెవి ఇచ్చిన పేరును సరిచూసుకోవడానికి ఇంతకు మించింది లేదు. దాని లోపం ఏమిటంటే, అందులో ఉండేవి రెవెన్యూ గ్రామాలు. మనవాళ్ళు బయల్దేరింది శివారు పల్లె నుంచైతే అందులో పేరు ఉండకపోవచ్చు. అలాంటప్పుడు సర్వే ఆఫ్ ఇండియా పాత అంగుళం మ్యాపులు, అంటే మైలుకు అంగుళం చొప్పున గీసినవి, కావాలి. చెరువు, దిబ్బ, నాలుగిళ్ళ పేట కూడా వాటిలో కనిపిస్తాయి. మ్యాపుతోనే మొదలుపెడితే మాత్రం మోసపోతాం. కొత్తపల్లి, వెంకటాపురం, రామాపురం లాంటి పేర్లు ఎన్ని చోట్ల ఉన్నాయో లెక్కలేదు.

మేం మోసపోయిందీ అక్కడే. ఇంటర్నెట్‌లో కొత్తవలస అని కొడితే ముందు వచ్చేది కిరండూల్ లైను మొదలయ్యే రైల్వే జంక్షన్. ఆ అమ్మాయి సంబరపడి టికెట్లు కూడా చూసేసుకుంది. నేను ఆ పట్టీ ఫొటో మళ్ళీ తెరిచి చూశాను. జిల్లా గడిలో గంజాం అని ఉంది. జంక్షన్ ఉన్న కొత్తవలస అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోది. గంజాం అంటే ఇప్పుడు ఒడిశా కదా అని వాళ్ళు ఆ గడిని తప్పు అనుకుని పక్కన పెట్టేశారు. తప్పు కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా చికాకోల్ గంజాం జిల్లాలోనే ఉండేది. తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. ఉత్తర ఆర్కాటు అని ఉన్నవాళ్ళదీ ఇదే పరిస్థితి. చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది, అంతకుముందు వెళ్ళినవాళ్ళ కాగితంలో ఆ జిల్లా పేరు ఉండదు. ఒంగోలు వాళ్ళది 1904కు ముందు నెల్లూరు జిల్లా.

కాబట్టి ఊరి గడిని నమ్మే ముందు జిల్లా గడిని నమ్మండి. పెద్ద పేర్లు గుమాస్తాకు రోజూ రాసి అలవాటు, వాటిలో తప్పులు తక్కువ. ఊరి పేరు వాడు ఆ క్షణంలో మొదటిసారి విన్నది.

ఇంటిపేరు సంగతి కూడా అడుగుతారు. మనకు ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఆశ కలగడం సహజం. నేను దాన్ని చివర్లో వాడతాను. ఇంటిపేరులోని ఊరు, ఓడ ఎక్కేనాటికే ఏ అయిదారు తరాల కిందటో వదిలేసిన ఊరు కావచ్చు. పైగా చాలా పట్టీల్లో ఇంటిపేరే రాయలేదు.

మేం నడిచిన వరుస ఇది: జిల్లా గడి, ఆ తర్వాత చెవి, ఆ తర్వాత హ్యాండ్‌బుక్, చివరికి మ్యాపు. కంప్యూటర్ మధ్యలో చేతికర్రలా ఉంది. ఇప్పటికి కాగితం మీద రెండు కొత్తవలసలు మిగిలాయి. పోయిన వారం వాళ్ళ అమ్మమ్మ ఇంకో మాట గుర్తు చేసుకుంది. "ఏటొడ్డు" అట. పాత మ్యాపు తీస్తే, రెండింటిలో ఒక ఊరి పక్కనే ఏరు ఉంది. మ్యాపులో దాని పేరు లాంగుల్య అని రాసి ఉంది. అది మన నాగావళి. సంక్రాంతికి ఆ అమ్మాయి వస్తోంది, ముందు ఆ ఊరికే వెళ్తాం.