అండమాన్ ‘ఫోటోగ్రఫీ టూర్’కు డబ్బు కట్టబోతున్నవారు దయచేసి ఇది చదవండి

అండమాన్ నుంచి కావలికి తిరిగివచ్చి నాలుగు రోజులైంది, కోపం ఇంకా చల్లారలేదు. చల్లారిన తర్వాత రాద్దామనుకుంటే ఫిబ్రవరి ట్రిప్పుకు మిగతా సొమ్ము కట్టే గడువు దాటిపోతుంది కనుక ఇప్పుడే రాస్తున్నాను. నెల్లూరు, ఒంగోలు ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజు విడిచి రోజు ప్రకటన వేసే ఆ సంస్థ ఏదో మీకు తెలుసు. వ్యవహారం వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లబోతున్నందున పేరు రాయడం లేదు.

నాది పెళ్లిళ్ల స్టూడియో. ధనుర్మాసంలో ముహూర్తాలు ఉండవు కనుక నా ఇష్టం కొద్దీ తీసుకునే ఫోటోలకు ఏడాదిలో ఆ నెల ఒక్కటే దొరుకుతుంది. నేలపట్టు గూడబాతులనూ, పులికాట్ ఫ్లెమింగోలనూ, తుమ్మలపెంటలో సూర్యోదయాలనూ ఇన్నేళ్లుగా తీస్తూనే ఉన్నాను. అయితే మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి పైకి రావడమే గానీ సముద్రంలోకి దిగడం ఎన్నటికీ కనిపించదు. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్‌లో రాధానగర్ తీరం పడమటి ముఖంగా ఉంటుంది. ఆ ఒక్క దృశ్యం కోసం, విమానం ఖర్చు కాకుండా, 38,500 రూపాయలు కట్టాను. ‘ప్రతి సాయంత్రం వెలుతురు పూర్తిగా పోయేవరకు తీరంలోనే’ అని వారి కరపత్రంలో స్పష్టంగా ఉంది.

శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) ఓడ ఎక్కాక తెలిసింది, మా పద్నాలుగు మందిలో కెమెరా ఉన్నవాళ్లం ముగ్గురమే. మిగిలినవారు సెలవులకు వచ్చిన కుటుంబాలవారు. అవే గదులు, అదే బండి, అదే కార్యక్రమం వారికి ‘ఫ్యామిలీ ప్యాకేజీ’ పేరుతో 24,000కు అమ్మారు. వారి తప్పు రవ్వంత కూడా లేదు, పిల్లలకు ఆకలి వేస్తే వారు గదికి వెళదామనే అంటారు. మా దగ్గర అదనంగా తీసుకున్న 14,500 రూపాయలు దేనికో మాత్రం ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు.

రెండవ రోజు సాయంత్రం సంగతి వివరంగా చెప్పాలి. అండమాన్ దీవులు మనకు సుమారు 13 డిగ్రీలు తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కనుక, జనవరి మొదటి వారంలో అక్కడ 5 గంటల 10 నిమిషాల ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. అదే రోజు కావలిలో ఇంకో ముప్పావుగంట పొద్దు ఉంటుంది. ఈ సంగతి మధ్యాహ్నమే చెప్పి, మూడున్నరకల్లా తీరంలో ఉండాలని వారి కోఆర్డినేటర్‌ను బతిమాలాను. సరేనని తల ఊపి, దారిలో ముత్యాల దుకాణం ముందు బండి ఆపించి, అందరినీ లోపలికి పంపి గంట సేపు కూర్చోబెట్టాడు. తీరం చేరేసరికి 4 గంటల 40 నిమిషాలైంది.

పరుగున వెళ్లి తడి ఇసుకలో ట్రైపాడ్ దించాను. అలలు వెనక్కి తీసినప్పుడు ఆ ఇసుక అద్దంలా మెరిసి ఆకాశాన్ని మొత్తం పట్టి చూపిస్తోంది. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి, నాలుగు సెకన్ల ఎక్స్‌పోజర్‌తో రెండు ఫ్రేములు తీశాను. మూడవది నడుస్తుండగా అతను వచ్చి లెన్స్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు. “ఏంది సార్, ఇంకా ఎంతసేపు? ఇట్టాంటి ఫోటోలు గూగుల్లో ఎన్నైనా ఉండాయి. మీ ఒక్కరి కోసం అందర్నీ బండిలో కూర్చోబెట్టమంటారా?” అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే ట్రైపాడ్ కాలు ఒకటి లాగి, తడి ఇసుకతో సహా మడిచేశాడు. కెమెరా పడిపోకుండా రెండు చేతులతో పట్టుకోవడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాను. ఆ ఫ్రేములో నమోదైన సమయం 4 గంటల 59 నిమిషాలు. కుడివైపు అతని చెయ్యి నల్లటి పొగలా పడి ఉంది. ఆ దీవుల్లో సూర్యుడు దిగాక ఎక్కువసేపు రంగు నిలవదు. ఆ రంగు మొత్తం నేను బండి కిటికీలోంచి, చెట్ల సందుల్లో చూశాను. ట్రైపాడ్ కాలు తిప్పితే ఇసుక ఇప్పటికీ కరకరలాడుతోంది.

నీల్ ద్వీపంలోనూ ఇదే జరిగింది. అక్కడి సహజ రాతి వంతెన దగ్గరకు నీరు వెనక్కి తీసినప్పుడే నడిచి వెళ్లగలం. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున జరుగుతూ ఉంటుంది, దాని పట్టికలను సర్వే ఆఫ్ ఇండియా ముందుగానే ప్రచురిస్తుంది. వీరు ఏ పట్టికా చూడలేదు. మమ్మల్ని నిండు పోటులో తీసుకువెళ్లి, దూరం నుంచి చూపించి తీసుకువచ్చారు.

తిరిగివచ్చి యజమానిని అడిగితే, “ఫోటోగ్రఫీ టూర్ అన్నాం, ఫోటోలు తీసుకున్నారు కదా” అని ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత గ్రూపులోంచి నన్ను తీసివేశారు.

నా తప్పు కూడా ఒప్పుకోవాలి. అదే కరపత్రంలో ‘ఆదివాసుల ఫోటోలు’ అనే మాట ఉంది. జరావాలను ఫోటో తీయడం శిక్షార్హమైన నేరం. వారి రక్షణకు 1956 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. ఇది తెలిసి కూడా, ఏదో అచ్చుతప్పులే అనుకుని అడ్వాన్స్ పంపాను. మనుషులను చూపించి డబ్బు చేసుకోవాలనుకునేవారి మాట మీద ఆ రోజే నమ్మకం వదులుకోవలసింది.

అడ్వాన్స్ కట్టినవారు మిగతా సొమ్ము పంపే ముందు ఏ రోజు ఏ తీరంలో ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు ఉంచుతారో, బండిలో మీతోపాటు ఎవరెవరు ఉంటారో రాతపూర్వకంగా తీసుకోండి. ఇవ్వకపోతే కట్టవద్దు. నాలాగా ఇప్పటికే నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే రుసుము కూడా ఉండదు. నేను సోమవారం నెల్లూరు వెళ్తున్నాను. జనవరి ట్రిప్పులో నాతో ఉన్న ఆ ఇద్దరు మిత్రులు ఇది చూస్తే, రసీదులూ కరపత్రమూ తీసుకుని నాతో రావలసిందిగా కోరుతున్నాను.