మనకంటే ముందు వాళ్ళు గమనిస్తున్నారా: ఒక కేర్ హోమ్‌పై కొన్నేళ్ల తర్వాత సమీక్ష

ముందే చెప్పేస్తాను. మా అత్తగారు ఉంటున్న కేర్ హోమ్‌కి ఈరోజు నేను ఇచ్చేది అయిదుకి మూడున్నర. చేర్చిన కొత్తలో అడిగితే నాలుగున్నర ఇచ్చేదాన్ని. మధ్యలో కొన్ని నెలలు రెండు కూడా దండగే అనిపించింది. అదే చోటు, అదే గది, అదే మనిషి. మరి మార్కులు ఇలా ఎందుకు పడి లేచాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పేరు రాయడం లేదు. పేరు కంటే ఏం చూడాలో తెలిస్తేనే ఎవరికైనా ఎక్కువ పనికొస్తుంది.

ఆవిడ పరిస్థితి క్లుప్తంగా ఇది. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. తర్వాత మతిమరుపు మొదలైంది. మొదట్లో పట్టుకుంటే నాలుగడుగులు వేసేవారు, ఆ తర్వాత వీల్‌చైర్, ఇప్పుడు ఎక్కువసేపు మంచం మీదే. కాబట్టి ఇక్కడి వాళ్ళ పనిని తేలిక రోజుల్లోనూ చూశాం, కష్టమైన రోజుల్లోనూ చూశాం.

చేర్చే ముందు చూడ్డానికి వెళ్తే చూపించేవన్నీ బాగానే ఉంటాయి. రిసెప్షన్, తోట, టీవీ హాలు, గోడ మీద సర్టిఫికెట్లు. అవెడిస్ డొనబెడియన్ అనే వైద్యుడు 1966లోనే వైద్యసేవల నాణ్యతను మూడు వైపుల నుంచి చూడాలన్నారు: ఏమేం ఉన్నాయి, ఏం చేస్తున్నారు, చివరికి మనిషికి ఏమవుతోంది. ఆ గంటసేపు తిప్పి చూపించడంలో మనకి కనపడేది మొదటిది మాత్రమే. రెండోది, మూడోది తెలియాలంటే నెలలు పడుతుంది. ఈలోగా నమ్ముకోదగ్గ కొలత నాకు ఒక్కటే దొరికింది. మా మనిషిలో మార్పు వచ్చినప్పుడు ముందు ఎవరు గమనించారు, వాళ్ళా, మేమా? వాళ్ళు ఫోన్ చేసి చెప్పిన సంగతులు ఎక్కువైతే ఆ చోటు మంచిది. మేము వెళ్ళి కనిపెట్టినవి ఎక్కువైతే కాదు.

మొదటి ఏడాది డ్యూటీ నర్సు ఒకావిడ నాకు ఫోన్ చేసి, "మేడమ్, నిన్నటి నుంచి అమ్మగారు కుడి దవడతోనే నములుతున్నారు, సగం తిని వదిలేస్తున్నారు, పళ్ళ సెట్టు ఎక్కడో ఒరుసుకుంటున్నట్టుంది" అంది. చూస్తే ఎడమ చిగురు మీద పుండు. సెట్టు అరగదీయిస్తే సరిపోయింది. ఏ దవడతో నములుతోందో చూసే మనిషి ఉన్న చోటికి నేను నాలుగున్నర ఎందుకివ్వను?

అదే చోట, స్టాఫ్ మారిపోయాక, ఇంకో సంగతి. "ఈ మధ్య డల్‌గా ఉంటున్నారు, పిలిచినా పలకట్లేదు, మతిమరుపు ముదురుతోంది" అన్నారు. డాక్టర్‌కి కూడా అదే చెప్పారట. నేను వెళ్ళి చెవి మిషన్ తీసి వెనక ఉన్న బుల్లి మూత తెరిచాను. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. కొత్తది వేసి చెవిలో పెట్టగానే ఆవిడ పైకి చూసి, "ఏంటే, ఆ ఫ్యాను అంత మోత మోగుతోంది?" అన్నారు. మతిమరుపు ఎక్కడికీ ముదరలేదు. కొత్తగా వచ్చిన ఆయాకి ఆవిడ చెవి మిషన్ గురించి చెప్పినవాళ్ళే లేరు. ఆ రోజు నుంచి మిషన్, కళ్ళజోడు, పళ్ళ సెట్టు మూడింటి వివరాలూ మంచం పక్కన కాగితం మీద రాసి అతికించాం. ఆ ఐడియా వాళ్ళది కాదు, మాది. అందుకే మార్కులు పడిపోయాయి.

ఇక బెడ్ సోర్స్, అంటే కదలకుండా ఒకే వైపు పడుకుని ఉంటే ఒత్తిడికి ఒంటి మీద పడే పుళ్ళు. మంచాన పడిన మనిషి ఉన్న ఎవరికైనా అసలు టెన్షన్ ఇదే. నడుము కింద ఎముక, తుంటి, మడమలు, ఈ మూడు చోట్లా ముందు పట్టేస్తాయి. మొదటి దశలో చర్మం చిట్లదు, మచ్చ మాత్రం కనిపిస్తుంది. వేలితో నొక్కి వదిలితే మామూలు ఎరుపు తెల్లబడి మళ్ళీ వస్తుంది, ఈ మచ్చ తెల్లబడదు. అయితే ఈ పరీక్ష తెల్లటి ఒంటి మీద తేలిక. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు. చేత్తో తడిమి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిగా గానీ మెత్తగా గానీ తగులుతోందా, ముట్టుకుంటే నొప్పి అంటున్నారా? ఈ తేడా చెప్పకుండానే తెలిసిన నర్సు దొరికిందంటే అదృష్టం. మాకు ఒకావిడ దొరికింది, ఆవిడే నాకూ నేర్పింది.

ముప్పు ఎంతుందో లెక్క కట్టడానికి బ్రేడెన్ స్కేల్ అని ఒకటి ఉంది, 1987లో వచ్చింది. స్పర్శ తెలియడం, ఒంటి తడి, లేచి తిరగడం, మంచంలో కదలిక, తిండి, పరుపుకి ఒరుసుకోవడం, ఈ ఆరూ చూసి 6 నుంచి 23 వరకు మార్కులు వేస్తారు. ఇక్కడ మార్కులు తగ్గేకొద్దీ ముప్పు ఎక్కువ, 18కి దిగితే జాగ్రత్త పడాలి. "ఈ నెల మా అత్తగారి బ్రేడెన్ స్కోరు ఎంత?" అని అడిగితే ఫైలు తెరిచి చెప్పేవాళ్ళు ఒక రకం. నవ్వి "ఏం కాదు మేడమ్, మేం చూసుకుంటాం" అనేవాళ్ళు ఇంకో రకం. ఒకే ఆఫీసులో రెండు రకాలనీ చూశాను.

పక్కకు తిప్పి పడుకోబెట్టే చార్టు సంగతి ఇంకా చెప్పాలి. రెండు గంటలకోసారి తిప్పాలనేది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. పరుపుని బట్టి, మనిషిని బట్టి ఆ వ్యవధి మారుతుంది. మా అత్తగారికి రెండు గంటలే అని రాశారు. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి వెళ్తే చార్టులో నాలుగు గంటల గడిలోనూ, ఆరు గంటల గడిలోనూ టిక్కులు, సంతకాలు సిద్ధంగా ఉన్నాయి. అదే పెన్ను, అదే వంపు. ఆవిడేమో పొద్దున్న ఎలా పడుకోబెట్టారో అలాగే వెల్లకిలా ఉన్నారు, మడమ కింద దిండు కూడా లేదు. సూపర్‌వైజర్‌ని పిలిచి చూపించాను. ఆయన ఆయాని తిట్టబోయాడు, నేను ఆపాను. ఆ షిఫ్టులో ఆ పిల్ల చేతి కింద ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అంతమందిని రెండేసి గంటలకి తిప్పడం ఒక్క మనిషికి కుదరని పని. కుదరని పని అప్పగిస్తే కాగితం మీదే పూర్తవుతుంది. అందుకే మరీ నీటుగా, ఒక్క ఖాళీ లేకుండా నిండిన చార్టు చూస్తే నాకు అనుమానం. "నిద్రలో ఉన్నారు, తిప్పలేదు", "వద్దన్నారు" లాంటి మాటలు అక్కడక్కడా ఉన్న చార్టునే నమ్ముతాను.

బరువు విషయంలో ఈ చోటికి పూర్తి మార్కులు. నెలకోసారి తూస్తారు, అదే మిషన్ మీద, వీల్‌చైర్‌తో కలిపి తూచి కుర్చీ బరువు తీసేసి రాస్తారు. నెలలో 5 శాతం, ఆర్నెల్లలో 10 శాతం తగ్గితే అది పట్టించుకోవాల్సిన తగ్గుదల. యాభై కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే చీర కట్టులో తెలియదు, కాగితం మీద తెలుస్తుంది. తినిపించడం కూడా ఇక్కడ ఓపికగానే జరుగుతుంది. పక్షవాతం వచ్చినవాళ్ళకి మింగడం ఆలస్యం, నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక కూడా కాసేపు అలాగే ఉంచాలి. లేకపోతే తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా దాకా వెళ్తుంది. ఒక భోజనానికి అరగంట పైనే పడుతుంది. మీరు వెళ్తే భోజనాల వేళకే వెళ్ళండి. ప్లేటు పెట్టిన టైము, తీసిన టైము చూస్తే చాలు.

ఆయాకి శిక్షణ ఉందా లేదా తెలుసుకోవడానికి నా దగ్గర ఒక చిన్న గుర్తు ఉంది. జాకెట్టు గానీ నైటీ గానీ వేసేటప్పుడు పడిపోయిన చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు ఆ చేతిని చివర తీయాలి. తెలిసినవాళ్ళు ఆలోచించకుండానే అలా చేసేస్తారు. తెలియనివాళ్ళు మంచి చేతిని ముందు తొడిగేసి, తర్వాత ఇటు పక్కది లాగుతారు. లేపేటప్పుడు కూడా ఆ చెయ్యి పట్టుకుని లాగితే భుజం కీలు దెబ్బతింటుంది. మేనేజర్ మారి పాత ఆయాలు ఒక్కొక్కరే వెళ్ళిపోయిన ఆ నెలల్లో మా అత్తగారు బట్టలు మార్చే టైముకల్లా ఏడుపు మొదలుపెట్టేవారు. "మొండి చేస్తున్నారు" అని ఫైల్లో రాశారు. మా ఆడపడుచు పక్కన నిలబడి చూస్తే సంగతి బయటపడింది. భుజం నొప్పి. మతిమరుపు ఉన్న మనిషి నొప్పి అని చెప్పలేక ఏడిస్తే దానికి మొండితనం అని పేరు పెట్టేశారు, ఇది మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు.

అదే రోజుల్లో పగలంతా మగతగా ఉండటం కూడా మొదలైంది. మందుల లిస్టు అడిగి తీసుకుంటే రాత్రి ప్రశాంతంగా ఉండటానికని కొత్తగా ఒక మాత్ర చేరింది. ఇలాంటప్పుడు తరచూ ఇచ్చేవి యాంటీసైకోటిక్ మందులు, అసలు తీవ్రమైన మానసిక జబ్బులకి వాడేవి. మతిమరుపు ఉన్న వృద్ధులకి వాటిని ఇస్తే ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్త తరం మందులకి, 2008లో పాతవాటికీ హెచ్చరిక పెట్టించింది. పెద్దవాళ్ళకి వీలైనంత వరకు వద్దనే మందులకి బీర్స్ లిస్టు అని ఒకటుంది. 1991లో అది మొదట తయారైంది నర్సింగ్ హోమ్‌లలో ఉండే వృద్ధుల కోసమే. అవసరం ఉండి ఇచ్చే సందర్భాలూ ఉంటాయి, మనంతట మనం ఆపేయకూడదు కూడా. కానీ ఎందుకు, ఎన్నాళ్ళు, మళ్ళీ ఎప్పుడు సమీక్షిస్తారు అని అడిగే హక్కు మనకుంది. ఇక్కడి డాక్టర్ మా మాట విని, చిరాకు పడకుండా మెల్లగా తగ్గించి ఆపేశారు. ఆయనకి మార్కులు వేరుగా ఇవ్వాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బట్టలు పోతాయి, పేరు కుట్టి ఇచ్చినా పోతాయి. పొద్దున్నే కాసేపు వాసన ఉండటం సహజం, రోజంతా ఉంటేనే చూడాలి. వాసనని కప్పడానికి రూమ్ ఫ్రెషనర్ దట్టంగా కొట్టే చోటు అంతకంటే అనుమానం. పండగలకి పాటలు, ఫోటోలు బాగానే ఉంటాయి కానీ వాటిని నేను లెక్కలోకి తీసుకోను.

ఇప్పుడు కొత్త మేనేజర్ కుదురుకుంది, ఆయాల్లో సగం మందైనా పాతబడ్డారు, ఫోన్లు మళ్ళీ అటు నుంచి రావడం మొదలైంది. మంచం మీద ఉన్నవాళ్ళకి ఈ చోటు ఫర్వాలేదంటాను. రాత్రుళ్ళు లేచి తిరిగే మతిమరుపు మనిషి మీ ఇంట్లో ఉంటే మాత్రం వద్దు. రాత్రి షిఫ్టులో మనుషులు చాలరు, పడిపోయాక గానీ తెలియదు. ఎంతమంది స్టాఫ్ అని అడిగేటప్పుడు పగటి లెక్క కాదు, ఆదివారం రాత్రి లెక్క అడగండి.

మా ఆడపడుచు అయితే ఇప్పటికీ రెండే ఇస్తానంటుంది. ఆదివారం రాత్రి బెల్ కొడితే ఎవరూ తొందరగా రారని ఆమె కంప్లైంట్. అది నిజమే. రాసి ఇచ్చాం కూడా, ఇంకో మనిషిని పెడతామన్నారు, ఇంతవరకు పెట్టలేదు.