మడ్డినీటి తీరంలో తేటనీటి చోటు: కోపర్నికస్ బ్రౌజర్ నాకు ఎంతవరకు పనికొచ్చింది

విజయనగరంలో నాకు చిన్న మందుల దుకాణం ఉంది. ఆదివారం దుకాణం మూసి సముద్రానికి వెళ్తాను. నాలుగేళ్ల కిందట విశాఖపట్నంలో స్కూబా, అంటే గాలి సిలిండరుతో నీటిలో మునగడం, నేర్చుకుని, 18 మీటర్ల లోతు వరకు దిగడానికి ధ్రువపత్రం తెచ్చుకున్నాను. అప్పటి నుంచి ఒకటే కోరిక. పడవ మాట్లాడుకునే అవసరం లేకుండా, మా తీరంలోనే ఒడ్డు నుంచి నడిచి వెళ్లి మునగాలి. కానీ చింతపల్లి, కోనాడ, కళింగపట్నం, బారువ, ఎక్కడ దిగినా మోకాలి లోతులో నా పాదాలు నాకే కనిపించేవి కావు.

అడిగిన ప్రతి డైవరూ అండమాన్‌కు వెళ్లమన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, చంపావతి ఏటా కొండల మన్ను మోసుకొచ్చి పోసే తీరం ఇది. నీళ్లు మడ్డిగా ఉంటాయని నాకూ తెలుసు. ఏడాదంతా అంతే మడ్డిగా ఉంటాయా, ప్రతి చోటా అంతేనా అన్నది మాత్రం ఎవరూ చూసి చెప్పలేదు. దాన్ని నేనే చూసుకోవడానికి సాయపడిన వెబ్‌సైటు కోపర్నికస్ బ్రౌజర్.

యూరప్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలను అందులో తేదీల వారీగా చూడవచ్చు. నేను వాడేవి సెంటినెల్-2 చిత్రాలు. మొదటి ఉపగ్రహం 2015లో, దాని జత 2017లో ఎగిరాయి. రెండేసి ఉపగ్రహాలు జంటగా సుమారు 5 రోజులకు ఒకసారి, ఉదయం 10:30 ప్రాంతంలో, మన తీరం మీదుగా వెళ్తాయి. చూడటానికి రూపాయి కట్టనవసరం లేదు. మామూలు మ్యాపుల్లో కనిపించే ఉపగ్రహ చిత్రం ఎప్పటిదో ఏరి పెట్టినది. నీటి రంగు నెల నెలకూ ఎలా మారుతుందో తెలియాలంటే పాత చిత్రాలన్నీ వరసగా దొరకాలి. అవి ఇక్కడ దొరుకుతాయి.

దుకాణం మూశాక మూడు రాత్రులు కూర్చున్నాను. మబ్బులు తక్కువగా ఉన్న రోజులనే చూపించమని పెట్టి, రెండేళ్ల చిత్రాలు తిరగేశాను. తేదీ, నీటి రంగు, మడ్డి ఎటు సాగిందన్నది నోటుపుస్తకంలో రాసుకున్నాను. మొదటి రాత్రి ఏమీ అర్థం కాలేదు. రెండో రాత్రి కళింగపట్నం దగ్గర వంశధార మొగను, అంటే నది సముద్రంలో కలిసే చోటును మాత్రమే పట్టుకుని వరసగా చూస్తుంటే విషయం తెలిసింది. అక్టోబరు, నవంబరు చిత్రాల్లో ఎర్రటి నీటి పట్టీ మొగ దాటగానే దక్షిణానికి వంగి ఒడ్డును అంటుకుని పోతోంది. ఫిబ్రవరి, మార్చి నాటికి అదే పట్టీ సన్నబడి ఉత్తరానికి మళ్లుతోంది. బంగాళాఖాతం పడమటి తీరం వెంట ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుందని చదివాను కానీ, మా ఊరి మట్టితో గీసిన గీతలా దాన్ని చూడటం వేరు. నవంబరులో మొగకు ఉత్తరాన, మార్చిలో దక్షిణాన వెతకాలని పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

ఇక రాళ్లు. ఇసుక తీరంలో కెరటం విరిగే తెల్లటి నురగ గీత తేదీ మారితే జరుగుతుంది, ఎందుకంటే కింద ఇసుకమేటలే జరుగుతాయి. అడుగున రాయి ఉన్నచోట ఆ తెలుపు ప్రతి చిత్రంలోనూ అక్కడే ఉంటుంది. ఈ చిన్న కిటుకుతో రెండు జిల్లాల తీరంలో నాలుగు చోట్లు దొరికాయి. శ్రీకాకుళం తీరం ఒక్కటే 190 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. బండి మీద తిరిగి ఇంతటి తీరాన్ని జల్లెడ పట్టాలంటే నాకు ఎన్ని ఆదివారాలు పట్టేవో!

చూపించలేనివి కూడా ఉన్నాయి. చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లు, కాబట్టి చిన్న బండలు కనబడవు. బారువ దగ్గర 1917లో మంటలకు ఆహుతై మునిగిన చిల్కా అనే ఆవిరి ఓడ కోసం ఎంత వెతికినా చిత్రాల్లో ఆనవాలు దొరకలేదు. వానకాలమంతా మబ్బే. ఎండాకాలం పైకెక్కిన సూర్యుడి మెరుపు నీటి మీద పడి రంగు తెలియకుండా చేస్తుంది. అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి, ఉపగ్రహానికి కనిపించేది పైపై నీరే.

ఆ సంగతి నాకు జనవరిలో తెలిసింది. రెండు రోజుల కిందటి చిత్రంలో నీరు నీలి పచ్చగా ఉంది. విశాఖ నుంచి సిలిండర్లు తెప్పించుకుని, శ్రీకాకుళంలో ఉండే నా డైవింగ్ జంటను, అంటే నాతో పాటు మునిగే తోడును, రమ్మని దిగాను. పైన రెండు మీటర్లు అద్దంలా ఉంది. ఆ కింద ఊదారంగు చీకటి. నా చేతి గడియారం ముఖానికి ఆనించుకుంటే తప్ప కనిపించలేదు. ఇద్దరం చేయీ చేయీ పట్టుకుని దిక్సూచి చూసుకుంటూ ఒడ్డుకు వచ్చేశాం. తప్పు చిత్రానిది కాదు, ఆ రోజు కెరటాల సంగతి చూడకపోవడం నాది. ఎక్కడో దూరాన పుట్టిన కెరటాలు 12 సెకన్లకు ఒకటి చొప్పున వస్తున్నాయి. అంత పొడవాటి కెరటాలు పైకి మెత్తగా కనిపించినా అడుగుదాకా కదిలించి ఇసుకా ఒండ్రూ లేపుతాయి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి సూచన చూసుకుని ఉంటే ఆ రోజు ఇల్లు కదిలేదాన్ని కాదు. ఇప్పుడు రెండూ పక్కపక్కనే తెరిచి పెట్టుకుంటాను. కెరటాల ఎత్తుతో పాటు ఒకదానికీ మరొకదానికీ మధ్య ఎన్ని సెకన్లో తప్పక చూస్తాను.

నాలుగు చోట్లలో రెండేమో పడవలు ఎక్కే రేవులు, అక్కడ మునగడం ప్రమాదం. మూడోదానికి దారి లేదు. నాలుగోచోట వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు ఫోనులో చిత్రం చూపించాను. ఆయన వేలితో ఆ తెల్లటి మచ్చను తాకి చెప్పాడు: “ఇక్కడ వల వేస్తే చిరిగిపోతుందమ్మా, కింద రాయి ఉంది. దిగాలంటే పోటు నిండే వేళ దిగు. పాటుకు మొగ నీళ్లు ఇటే వస్తాయి.”

“రోజూ అంతేనా తాతా?”

“రోజూ చూడాలి. నీళ్లకు నిన్నటి మాట ఉండదు.”

ఆ ఒక్క మాటతో నా నోటుపుస్తకంలో ఆటుపోట్ల కోసం కొత్త గడి వచ్చింది. ఉపగ్రహం వచ్చేది 10:30కి, నేను దిగేది తెల్లవారుజామున. ఆ మధ్యలో నీరు పూర్తిగా మారిపోగలదు.

మార్చిలో ఆయన పడవలోనే వెళ్లి ముందు నీరు కొలిచాను. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ శాస్త్రవేత్త తెల్లటి పళ్లేన్ని నీటిలోకి దించి, ఏ లోతులో మాయమవుతుందో చూసి తేటదనం లెక్కగట్టాడు. నేను తెల్ల ప్లాస్టిక్ పళ్లేనికి రాయి కట్టి, తాడుకు అర మీటరుకొక ముడి వేశాను. తొమ్మిదో ముడి దగ్గర మాయమైంది. నాలుగున్నర మీటర్లు! నేను అరిచిన అరుపుకు పెద్దాయన నవ్వాడు.

మర్నాడు పోటు నిండే వేళకు ఒడ్డు నుంచి దిగాం. ఆరు మీటర్ల లోతులో రాయి దొరికింది. దాని నిండా ఆకుపచ్చ అంచుల ఆల్చిప్పలు, వాటి సందుల్లో చిన్న పీతలు, ఒక నెర్రెలో రెక్కలు విప్పి కదలకుండా నిలబడిన లయన్ ఫిష్. నా జంట నాలుగు మీటర్ల అవతల ఉన్నా ఆమె కళ్లు నాకు కనిపించాయి. మా తీరంలో నీటి అడుగున అంత దూరం కనిపించడం నాకు అదే మొదటిసారి.

ఈ పద్ధతి ప్రయత్నించేవారికి కొన్ని మాటలు. వెలుగు సన్నగా సూటిగా పడే టార్చి కొనండి. పరుచుకునే వెలుగు మడ్డినీటిలో తిరిగి కళ్లలోకే కొడుతుంది. రాళ్లకు చిక్కి తెగిన వలలు ఉంటాయి, కత్తి లేకుండా దిగకండి. జనవరి నుంచి మార్చి వరకు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి, చీకట్లో ఇసుక మీద టార్చి వెయ్యకండి. మా చోటు పేరు మాత్రం రాయను. అది ఆ ఊరివాళ్లు వలలు వేసుకునే నీళ్లు. అడిగి వెళ్లవలసిన చోటు, అడిగితే కాదనరు.

కోపర్నికస్ బ్రౌజర్‌కు నేను ఐదుకు నాలుగు ఇస్తాను. ఈ వారం చిత్రంలో వంశధార మొగ దగ్గర నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. జనవరి దాకా సిలిండర్లు అడగను.