అల్సాస్ వైన్ ట్రిప్పుకి మకాం ఎక్కడ? నాలుగు ట్రిప్పుల తర్వాత నా ఓటు ఎగిస్‌హైమ్‌కే

సాయంత్రం అయిదింటికి కారు తాళాలు డ్రాయర్‌లో పెట్టేస్తే మళ్లీ పొద్దున దాకా వాటితో పని ఉండదు. ఫ్రాన్స్ తూర్పు అంచున ఉన్న అల్సాస్ ప్రాంతంలో ఎగిస్‌హైమ్ అనే చిన్న వైన్ పల్లెకి నేను మార్కులు వేసేది దీనికే. రంగురంగుల ఇళ్లు, పూలకుండీలు ఫోటోల్లో మీరు చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లను.

మొదటిసారి స్ట్రాస్‌బర్గ్‌లో దిగాం. పెద్ద ఊరు, హోటళ్లు బోలెడు, రోజూ పొద్దున్నే బయల్దేరి తిరిగి రాత్రికి వచ్చేయొచ్చు అనుకున్నాం. మార్లెన్‌హైమ్ నుంచి తాన్ దాకా, వైన్ ఊళ్లని కలుపుతూ పోయే వైన్ రూట్ మొత్తం 170 కిలోమీటర్లే కదా అనే ధీమా. కానీ అది ఊరూరా ఆగుతూ పోయే దారి. రెండో రోజు రిబోవిల్లేలో ఒక పెద్దాయన సెల్లార్‌లో కూర్చున్నాం. ఆ ఊరికి గైస్‌బెర్గ్, కిర్ష్‌బెర్గ్, ఓస్టెర్‌బెర్గ్ అని మూడు గ్రాండ్ క్రూ (అంటే అత్యున్నత శ్రేణి) తోటలున్నాయి, మూడూ పక్కపక్క వాలులే. రీస్లింగ్ అనే ఒకే రకం తెల్ల ద్రాక్ష మూడు నేలల్లో ఎలా మారుతుందో చూడండి అంటూ ఆయన మూడు గ్లాసులు వరసగా పెట్టాడు. మా ఆయనకి రీస్లింగ్ అంటే ప్రాణం. కానీ అద్దె కారు మాన్యువల్ గేరుది, నాకు అది రాదు, తిరిగి వెళ్లాల్సింది దాదాపు 60 కిలోమీటర్లు. ఫ్రాన్స్‌లో బండి నడిపేవాళ్లకి ఆల్కహాల్ పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు, కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లకైతే 0.2. పాపం ఆయన ప్రతి గ్లాసూ వాసన చూడటం, నాలుక తడుపుకోవడం, ఉమ్మేయడం. మూడో గ్లాసు దగ్గర పెద్దాయన ఏమీ అనకుండా ఉమ్మే పాత్రని ఇంకొంచెం దగ్గరికి జరిపాడు. నాకు ఆ రోజు ఎంత కష్టమనిపించిందో చెప్పలేను. అంత దూరం వెళ్లింది దేనికి మరి!

మరుసటి ఏడాది ఎగిస్‌హైమ్‌లో గది తీసుకున్నాం. గుండ్రటి ఊరు, వీధులు కూడా ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రంగానే తిరుగుతాయి. వైన్ చేసే కుటుంబాలు ఊళ్లోనే ఉన్నాయి, నడిచి వెళ్లి రుచి చూసి నడిచి వచ్చేయడమే. ఊరు దాటితే ఐష్‌బెర్గ్, ఫెర్జిగ్‌బెర్గ్ తోటలు. ఫెర్జిగ్‌బెర్గ్ అంటే పీచ్ పళ్ల కొండ అని అర్థం. అక్కడి గెవుర్జ్‌ట్రామినర్ ద్రాక్ష వైన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే గులాబీ, లిచీ వాసన గుప్పుమంటుంది. ఈసారి మా ఆయన మింగాడు, నింపాదిగా, గ్లాసు ఖాళీ అయ్యేదాకా. వానల భయం కూడా పెద్దగా అక్కర్లేదు. పడమటి మబ్బుల్ని వోజ్ కొండలు అడ్డుకుంటాయి, అందుకే పక్కనున్న కొల్మార్ ఫ్రాన్స్‌లో బాగా తక్కువ వాన పడే ఊళ్లలో ఒకటి.

"కారుతో అక్కడ ఏ ఇబ్బందీ లేదు" అని అప్పట్లో అందరికీ చెప్పాను. దాన్ని కాస్త సవరించుకోవాలి. కిందటిసారి నావిగేషన్‌ని నమ్మి గుండ్రటి వీధిలోకి దూరాం. రెండువైపులా గోడలు అద్దాలకి తగిలేంత ఇరుకు. ఒక ముసలాయన ఎదురొచ్చి చేత్తో సైగలు చేస్తూ, ఒక్కొక్క అడుగు చొప్పున వెనక్కి నడిపించాడు. బండి ఊరి బయట పార్కింగ్‌లో పెట్టి సామాను మోసుకెళ్లడమే పద్ధతి. 2013లో ఫ్రెంచివాళ్లు తమకి నచ్చిన పల్లెగా దీన్నే ఎన్నుకున్నారు కాబట్టి మధ్యాహ్నం వేళ వీధులు కిటకిటలాడతాయి, సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్లాకే ఊరు ఊరిలా ఉంటుంది. ఆదివారం సరుకులు దొరకడం కష్టం, శనివారమే కొనేసుకోండి. ఉత్తరాన ఒబెర్నై వైపు ఎక్కువ తిరగాలనుకుంటే ఇక్కణ్ణుంచి రోజూ దూరమే.

మేం ఇద్దరమే, పిల్లలు లేరు, డ్రైవర్ ఒక్కడే, వైన్ ఇష్టమున్నదీ ఆయనకే. మా లెక్క ఇలా ఉంది. మూడోసారి అత్తయ్యగారు వచ్చినప్పుడు మాత్రం కొల్మార్‌లోనే దిగాం. ఆవిడ మోకాళ్లకి ఆ రాళ్ల వీధులు పడవు, పైగా కొల్మార్ నుంచి అరగంట రైల్లో స్ట్రాస్‌బర్గ్ చూపించి తీసుకురావచ్చు. ఆ ట్రిప్పూ బాగానే గడిచింది, కాకపోతే మా ఆయన మళ్లీ ఉమ్మే పాత్ర దగ్గరే కూర్చున్నాడు.