శ్రీకాకుళం కోర్టు బయట నోటరీ సేవలు: విదేశాలకు వెళ్లే కాగితాలకు ఏ ముద్ర చెల్లుతుంది?

కవిటి, కంచిలి, సోంపేట వైపు నుంచి గల్ఫ్‌కో సింగపూర్‌కో వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్లు ఉన్నారు. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరే తల్లిదండ్రులు ఉన్నారు. శ్రీకాకుళంలో వీళ్లందరి కాగితాల పనీ మొదలయ్యేది కోర్టు పరిసరాల్లో ఉన్న టైపు టేబుళ్ల దగ్గరే. టైపు, స్టాంపు పేపరు, సంతకం, ముద్ర అన్నీ నాలుగడుగుల్లో అయిపోతాయి. ఆ సౌకర్యానికి మంచి మార్కులే వేయాలి. మార్కులు పోయేది ఒక్కచోట. "ఇది ఏ దేశానికి, అక్కడ ఎవరికి ఇస్తారు?" అని అడిగే టేబుల్ అరుదు. అడగకుండానే అఫిడవిట్ కొట్టేసి, ఆ పూట ఎవరు అందుబాటులో ఉంటే వాళ్లతో ముద్ర వేయిస్తారు. నోటరీ అయినా ఓత్ కమిషనర్ అయినా నల్లకోటే కాబట్టి వచ్చినవాళ్లకి తేడా తెలియదు. తెలిసేది నెల తర్వాత, కాగితం వెనక్కి వచ్చినప్పుడు.

ఎదుటి మనిషి చేత ప్రమాణం చేయించడం వరకే చూస్తే ఇద్దరి అధికారమూ ఒకటే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 139వ సెక్షన్ అఫిడవిట్ మీద ప్రమాణం ఎవరెవరు చేయించవచ్చో చెబుతుంది. అందులో నోటరీ ఉన్నాడు, హైకోర్టు నియమించిన వ్యక్తీ ఉన్నాడు. ఈ రెండో ఆయన్నే మనం ఓత్ కమిషనర్ అంటున్నాం. ఆయన అధికారం కోర్టు పనికోసం పుట్టింది. మధ్యంతర పిటిషన్‌తో పెట్టే అఫిడవిట్‌కి, కౌంటర్ అఫిడవిట్‌కి ఆయన ముద్ర చక్కగా చెల్లుతుంది. అలాంటి పనికి ఆయన దగ్గరికి వెళ్లడంలో తప్పేమీ లేదు.

నోటరీ సంగతి వేరు. 1952 నోటరీల చట్టం కింద కేంద్ర ప్రభుత్వమో రాష్ట్ర ప్రభుత్వమో ఆయన్ని నియమిస్తుంది. ఆ చట్టం 8వ సెక్షన్‌లో ప్రమాణం చేయించడం చాలా పనుల్లో ఒకటి మాత్రమే. పవర్ ఆఫ్ అటార్నీ లాంటి పత్రం మీద సంతకం ఫలానా మనిషే చేశాడని ధ్రువీకరించడం, ఒక భాష నుంచి ఇంకో భాషలోకి అనువదించి ఆ అనువాదం సరైనదని చెప్పడం కూడా ఆయన పనులే. నకలు అసలుకి సరిపోయిందని రాసిచ్చేదీ ఆయనే. 1956 నాటి నియమాల ప్రకారం ఆయన ముద్ర 5 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా ఉండాలి. అందులో పేరు, పనిచేసే ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు, నోటరీ అన్న మాట, నియమించిన ప్రభుత్వం పేరు కనబడాలి. చేసిన ప్రతి పనినీ రిజిస్టర్లో వరస నంబరుతో రాయాలి. విదేశీ కాగితానికి ప్రాణం మాత్రం ఆయన్ని ప్రభుత్వం నియమించడమే.

ఎందుకంటే దుబాయ్‌లో కూర్చున్న అధికారికి శ్రీకాకుళం లాయరు సంతకం తెలియదు. ఆయన నమ్మేది తన దేశపు ఎంబసీ ముద్రని. ఎంబసీ మన విదేశాంగ శాఖ ముద్రని నమ్ముతుంది. విదేశాంగ శాఖ రాష్ట్ర ప్రభుత్వంలోని హోం శాఖ లేదా సాధారణ పరిపాలన శాఖ సంతకాన్ని చూస్తుంది. ఆ శాఖ నోటరీని తన రికార్డులో సరిచూసుకుంటుంది. ఒక్కో మెట్టూ కింది మెట్టు సంతకాన్ని మాత్రమే పోల్చుతుంది. లోపల రాసిన సంగతి నిజమా కాదా అని ఎవరూ చూడరు. ఓత్ కమిషనర్‌ని నియమించింది కోర్టు, ఆయన పేరు ఉండేది కోర్టు జాబితాలో. అందుకే ఆయన సంతకం దగ్గర ఈ గొలుసు తెగిపోతుంది. ఆయన చేసింది తప్పని కాదు, పోల్చి చూసే మెట్టు పైన లేదు, అంతే.

తికమక పెట్టే ఇంకో విషయం ఉంది. బ్రిటన్, కెనడా, మలేషియా ఫారాల్లో 'కమిషనర్ ఫర్ ఓత్స్ ఎదుట' అని అచ్చువేసి ఉంటుంది. అది చూసి నేరుగా మన ఓత్ కమిషనర్ దగ్గరికి పోతారు. ఆ మాటకి అర్థం ఆ దేశంలో ఆ హోదా ఉన్న మనిషి అని. ఫారం ఇక్కడ సంతకం చేస్తుంటే, అదే గీత దగ్గర 'నోటరీ పబ్లిక్' అన్న మాట కూడా ఉందేమో చూసి నోటరీ దగ్గరికే వెళ్లండి. లేకపోతే ఫారం ఇచ్చిన సంస్థకి ఒక ఈమెయిల్ రాసి, భారతదేశపు నోటరీ సరిపోతుందా అని జవాబు తెచ్చుకోండి.

ఇక దేశాన్ని బట్టి దారి మారుతుంది. హేగ్ అపోస్టిల్ ఒప్పందం 1961 నాటిది. అందులోని దేశాలు ఒకదాని కాగితాన్ని ఇంకొకటి ఒకే ధ్రువీకరణ ముద్రతో నమ్ముతాయి, ఆ ముద్రే అపోస్టిల్. మనకి అది 2005 జులై 14న అమల్లోకి వచ్చింది. ఒప్పందంలో ఉన్న దేశానికైతే విదేశాంగ శాఖ అపోస్టిల్‌తో పని ముగుస్తుంది, ఎంబసీకి వెళ్లక్కర్లేదు. ఒమన్, బహ్రెయిన్ ఎప్పటినుంచో ఉన్నాయి. సింగపూర్ 2021లో, సౌదీ 2022 డిసెంబరులో, కెనడా 2024 జనవరిలో ఈ దారిలోకి వచ్చాయి. యూఏఈ, కువైట్, ఖతర్‌లకి మాత్రం పాత పద్ధతే: విదేశాంగ శాఖ అటెస్టేషన్ (మామూలు ధ్రువీకరణ ముద్ర), ఆ తర్వాత ఎంబసీ, అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ. జర్మనీ ఒప్పందంలో ఉన్నా, మన చేరికకి అభ్యంతరం చెప్పింది కాబట్టి ఇక్కడి అపోస్టిల్ అక్కడ నడవదు. సౌదీకి ఇంకా ఎంబసీ స్టాంపు అంటూ డబ్బు అడిగే ఏజెంటు ఉంటే, కంపెనీ రాతపూర్వకంగా ఏం అడిగిందో ముందు చూడండి.

ఏ కాగితానికి నోటరీ అక్కర్లేదో కూడా తెలియాలి. ఇక్కడి టేబుళ్ల మీద ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇందులోనే. డిగ్రీ సర్టిఫికెట్ యూఏఈకి వెళ్లాలంటే ముద్రలు పడాల్సింది అసలు సర్టిఫికెట్ వెనకాల. రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణతో మొదలవుతుంది. జిరాక్స్ మీద నోటరీ చేయించిన ట్రూ కాపీ ఆ దారిలో పనికిరాదు. లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ మీద ముద్ర పడదు. దాన్ని ఇంట్లో ఊడదీయబోతే అచ్చు లేచిపోతుంది, యూనివర్సిటీ నుంచి డూప్లికేట్ తెచ్చుకోవడమే మేలు. పుట్టిన తేదీ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్ కూడా అసలువే వెళ్తాయి. స్టాంపు పేపరు మీద నోటరీ చేసిన 'వివాహ ఒప్పందం' పెళ్లి సర్టిఫికెట్ కాదు. పెళ్లి నమోదు చేసే అధికారం నోటరీకి లేదు. భార్య వీసాకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లాంటి, పెళ్లి నమోదు చేసే అధికారం ఉన్న ఆఫీసు సర్టిఫికెట్ కావాలి.

నోటరీ నిజంగా అవసరమయ్యేవి కొన్ని ఉన్నాయి. పేరు తేడా అఫిడవిట్, స్పాన్సర్ అఫిడవిట్ (ఖర్చు మేం భరిస్తామన్న ప్రమాణపత్రం), పిల్లలు ఒక్కళ్లే ప్రయాణం చేస్తుంటే తల్లిదండ్రుల అంగీకారపత్రం, తెలుగు కాగితానికి ఇంగ్లీషు అనువాదం. పేరు తేడా మన దగ్గర మరీ ఎక్కువ. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక అక్షరంగా ముందుంటుంది. పాస్‌పోర్టులో అదే పూర్తిగా విడిపోయి ఇంకో గడిలోకి పోతుంది. అఫిడవిట్‌లో రెండు పేర్లూ ఆయా కాగితాల్లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయాలి. ఏ పేరు ఏ కాగితంలో, ఏ నంబరుతో ఉందో చెప్పాలి. 'ఇద్దరూ ఒక్కరే' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టేవి వెనక్కి వస్తాయి.

టేబుల్ దగ్గర కూర్చున్నాక చూసుకోవాల్సింది చాలా ఉంది, మొహమాటపడొద్దు. ముందు నోటరీ ప్రాక్టీస్ సర్టిఫికెట్ గడువు అడగండి. అది 5 ఏళ్లకి ఇస్తారు, రెన్యూవల్ కాకపోతే ఆ ముద్రకి విలువ లేదు. ఫీజుల పట్టిక కనబడేలా పెట్టాలని నియమమే ఉంది. రసీదూ అడగండి, అది మీ హక్కు. స్టాంపు పేపరు ప్రమాణం చేసే మనిషి పేరు మీదే కొనాలి, కొన్న తేదీ అఫిడవిట్ తేదీ కంటే తర్వాతిది కాకూడదు. సంతకం ఇంటి దగ్గర చేసి తమ్ముడి చేతికిచ్చి పంపకండి. నోటరీ ఎదుటే చేయాలి, గుర్తింపు కార్డు అసలుది చూపాలి. "మీ అన్నయ్య రాకపోయినా పర్లేదు బాబూ, పంపించేయండి" అనే టేబుల్ నుంచి లేచి వచ్చేయండి. వేలిముద్ర వేసే పెద్దవాళ్లయితే, విషయం తెలుగులో చదివి వినిపించి అర్థమయ్యేలా చెప్పినట్టు కింద ఒక వాక్యం తప్పక ఉండాలి.

ముద్ర పడ్డాక లేచిపోకుండా ఇంకో నిమిషం కూర్చోండి. రిజిస్టర్ వరస నంబరు, తేదీ, ఊరు రాశారా? ప్రతి పేజీ మీదా సంతకం ఉందా? కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం పెట్టారా? ముద్ర అక్షరాల మీద పడి పేరు కప్పేసిందా? కాగితం వెనక వైపు ఖాళీగా వదిలారా? పై ముద్రలకి చోటు కావాలి. స్టేపుల్ చేసి ఇస్తే దాన్ని విప్పకండి. జిరాక్స్ కోసం విప్పి మళ్లీ కొట్టిన రంధ్రాలు చూస్తే పేజీ మార్చారేమోనన్న అనుమానం వస్తుంది.

అనువాదాల్లో ఇక్కడి సేవ బలహీనం. సచివాలయం ఇచ్చిన తెలుగు సర్టిఫికెట్‌ని టైపిస్టు ఇంగ్లీషులోకి మార్చితే నోటరీ కింద ముద్ర వేస్తారు. అనువదించింది ఎవరో ఉండదు. అనువాదకుడి పేరు, రెండు భాషలూ వచ్చన్న ప్రకటన, సంతకం, తేదీ అడిగి రాయించండి. మూలం జిరాక్స్ దానికి జతచేయించండి. ముద్రల్లోని అక్షరాలు కూడా అనువాదంలోకి రావాలి.

ఏజెంట్ల విషయం క్లుప్తంగా. విదేశాంగ శాఖ 2012 జులై నుంచి కాగితాలు నేరుగా కౌంటర్లో తీసుకోదు, తాను నియమించిన ఏజెన్సీల ద్వారానే తీసుకుంటుంది. అపోస్టిల్‌కి ప్రభుత్వ రుసుము కాగితానికి ₹50, మామూలు అటెస్టేషన్‌కి రుసుము లేదు. మిగతాదంతా ఏజెన్సీ సేవా రుసుము, కొరియరు, రాష్ట్ర స్థాయి పని, ఎంబసీ రుసుము. ఇవి విడివిడిగా రాసి ఇవ్వని ఏజెంటుకి అసలు సర్టిఫికెట్ ఇవ్వొద్దు. ఇచ్చేముందు రెండు వైపులా రంగు స్కాన్ తీసి ఉంచుకోండి.

5కి ఎన్ని మార్కులంటే, కోర్టు అఫిడవిట్లకి ఇక్కడి టేబుళ్లకి 4, విదేశీ కాగితాలకి రెండున్నర. దేశం, కాగితం, అడిగిన సంస్థ ఒక చీటీ మీద రాసుకుని వెళ్లినవాళ్లకి ఆ రెండున్నర కూడా నాలుగవుతుంది.